ఐదు నిమిషాల గడప

క్రాన్ ఊళ్ళో మా రొట్టెల బట్టీ మీది అటకలో
రెండు పెట్టెలు పక్కపక్కన కూచుంటాయి.
ఒకదానికి గోడ తొలుచుకొచ్చిన టెలిఫోను తీగ,
రెండోదానికి కప్పు దాటి మంచులోకి పోయే యాంటెన్నా.
నడుమ జానెడు కేబులు. అతికింది తిన్‌కారా,
నాలుక మొన పెదవి మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి.
ఆ జానెడే గడప.

గడపకు ఈవల రేడియో.
ఒక పేజీ ఉత్తరం చేరేలోగా
ముద్ద పిండి పిసికి చేతులు కడుక్కు రావచ్చు.
నోరు తెరిచే ముందు చెవి ఒగ్గాలి.
ఇద్దరం ఒక్కసారే మాట్లాడితే ఇద్దరి మాటా బూడిదే,
ఎవరి మట్టుకు వాళ్ళు కాసేపు ఆగి మళ్ళీ మొదలు.
ప్రతి పొట్లం నెత్తినా పంపినవాడి పిలుపుపేరు,
ఏ కొండ అందుకుని విసిరిందో ఆ కొండ పేరు.
బేరాలు లేవు, దాపరికం లేదు.
గుట్టు చెప్పుకోవాలంటే నడిచి వెళ్ళమంటాడు బొగొమిల్.

గడపకు ఆవల ఇంటర్నెట్.
ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి
తిన్‌కారా ఒక్క మాట పంపింది: ఉన్నారా?
మా పొట్లాన్ని ఇంకో పొట్లంలో చుట్టి
పైన కొత్త చిరునామా రాసి సముద్రాల అడుగున తోసింది.
హొక్కైదోలో ఎవరి ఇంట్లోనో పై కాగితం విప్పారు,
లోపలిదాన్ని అక్కడి గాలిలోకి వదిలారు.
"ఉన్నాను. ఇక్కడ తెల్లారింది. వాకిట్లో మంచు ఎత్తిపోయాలి."

"ఇది రేడియో కాదు," అన్నాడు బొగొమిల్.
"తీగ మీద నడిచొచ్చిన మాటకి చలి ఏం తెలుసు?"
అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

సోమవారానికి లోకం వచ్చేసింది.
చెడ్డవాళ్ళేం కాదు. ఇరుకు ఎరగని వాళ్ళు.
ఉన్నావా ఉన్నావా ఉన్నావా,
జవాబు దారిలో ఉండగానే పదిసార్లు అడిగేవాళ్ళు.
సందులోకి లారీ దూరినట్టు
మోడెం మీది ఎర్రదీపం ఆరనే లేదు.

బోహిన్ పైన గుడిసెలో మంచుకాపరి యెర్నెయ్
రోజూ అయిదింటికి ఒకే ఒక అంకె పంపుతాడు.
మంచు ఎన్ని సెంటీమీటర్లో, అంతే.
అది నా చేతికి వస్తేనే లోయలోకి బడి బస్సు కదులుతుంది.
ఆ మంగళవారం అంకె రాలేదు.
ఇరవై ఏడుసార్లు పంపాడట. బ్యాటరీ నీరసించింది.
చీకట్లో కొండ దిగి, టెలిఫోను ఉన్న హోటలు దాకా నడిచి,
"నూట తొంభై నాలుగు" అన్నాడు, పేరైనా చెప్పకుండా.
బూట్లు దులుపుకుంటున్న చప్పుడు.
తరవాత, మెల్లిగా:
"మీ ఇంటికి చుట్టాలు ఎక్కువయ్యారా?"

బస్సు గంట ఆలస్యం. జరిగింది అంతే.
ఆ అంతే నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు.

తిన్‌కారా కూచుని నియమాలు రాసింది:
ఎవరిని రానివ్వాలి, ఎన్నిసార్లు అడగనివ్వాలి,
పేరులేని వాళ్ళని ఎక్కడ నిలబెట్టాలి.
నలభై వరసలు. నాకు సగం అర్థం కాలేదు.
చివరి వరస మాత్రం నేనే అడిగి రాయించాను.
బొగొమిల్ అది రెండుసార్లు చదివి
మా రొట్టె ఒకటి డబ్బివ్వకుండా తీసుకుపోయాడు.
అతని మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

ఇప్పుడు వేకువన
రెండో వాయి బట్టీలోకి తోసి అటకెక్కుతాను.
అయిదుకు రెండు నిమిషాల ముందు తీగ వైపు తలుపు పడుతుంది.
ఖండాలన్నీ బయట నిలబడి ఉంటాయి,
టోపీలు చేత పట్టుకుని అనుకుంటాను నేను.
పొగగొట్టం వేడికి అటక చెక్కలు చిటచిటమంటాయి.
గాలి ఖాళీ.
అప్పుడు, గొంతులో కంకర పడ్డట్టు ఒక గరగర,
తెర మీద: నూట డెబ్బై ఒకటి.
కింద డ్రైవరు రొట్టె కొంటున్నాడు.
మెట్ల మీంచే కేకేస్తాను.

అయిదు దాటి మూడు నిమిషాలకు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
హొక్కైదో ఆయన అప్పుడే అడిగేస్తున్నాడు, ఉన్నావా అని.
ఉన్నాను.
చేతుల నిండా పిండి.
కాస్త ఆగమనండి.